ఫ్రిజ్ కూడా వాయించిన రికార్డు

రికార్డు అట్ట మీద మామూలుగా ఎవరు పాడారు, ఎవరు వాయించారు, ఎవరు విడుదల చేశారు అన్న వివరాలుంటాయి. ఎలక్ట్రానిక్ సంగీతం చేసే థామస్ లీర్, రాబర్ట్ రెంటల్ కలిసి 1979లో చేసిన 'ది బ్రిడ్జ్' ఎల్పీ అట్ట మీద ఇంకో మాట కూడా రాశారు. ఇందులో వినబడే టిక్కులు, కీచులు, మర్యాద తప్పిన చప్పుళ్ళు అన్నీ ఫ్రిజ్‌లూ ఇతర ఇంటి సామానూ చేసినవేననీ, అవి సంగీతంలో భాగమేననీ దాని సారాంశం. చదివినవాళ్ళు చాలామంది నవ్వుకుని వదిలేస్తారు. నాకది మందు సీసా మీద 'బాగా కుదిపి వాడవలెను' అని రాసినట్టే అనిపిస్తుంది. అది పాటించకుండా వింటే మందు పనిచెయ్యదు.

ముందు రికార్డు సంగతి. లీర్, రెంటల్ ఇద్దరిదీ స్కాట్లాండులో ఓడలు కట్టే ఊరు పోర్ట్ గ్లాస్గో. లండన్ చేరాక 1978లో ఇద్దరూ చెరో సింగిల్ సొంత ఖర్చుతో తెచ్చుకున్నారు. లీర్‌ది 'ప్రైవేట్ ప్లేన్', రెంటల్‌ది 'పారాలిసిస్'. లీర్ తన సింగిల్‌ని అద్దె గదిలో నాలుగు ట్రాకుల టేపు మీద రికార్డు చేసి 650 కాపీలు అచ్చేయించాడు. మరుసటి ఏడు థ్రాబింగ్ గ్రిసిల్ బృందం నడిపే ఇండస్ట్రియల్ రికార్డ్స్ వీళ్ళకి ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం ఏర్పాటు చేసింది. రెండు వారాల గడువు. స్టూడియో లేదు, లండన్ బాటర్‌సీలో రెంటల్ ఇల్లే స్టూడియో. అలా తయారైన తొమ్మిది పాటల ఎల్పీకి ఆ సంస్థ ఇచ్చిన నంబరు ఐఆర్ 0007. అదే వేసవిలో గ్యారీ న్యూమన్ ట్యూబ్‌వే ఆర్మీ బృందం సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం) పాట బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానానికి ఎక్కింది. ఎలక్ట్రానిక్ పాప్ రాజమార్గం అటు వెళ్ళిపోయింది, ఈ రికార్డు మాత్రం సందులో ఉండిపోయింది.

దీని గురించి వాదించుకునేవాళ్ళు రెండు జట్లు. ఒక జట్టుకి హోరు, అంటే టేపు మీద అడుగున ఎప్పుడూ వినిపించే సన్నని గాలిలాంటి చప్పుడు, వట్టి మురికి. మంచి సాఫ్ట్‌వేర్ పెట్టి కడిగేస్తే లోపలి మేలిమి పాట బయటపడుతుందని వాళ్ళ నమ్మకం. రెండో జట్టుకి హోరే దేవుడు. గీతలు పడ్డ పాత ఎల్పీ మీద చిటపటల మధ్య వింటేనే అసలు రుచి అంటారు. నా లెక్కలో ఇద్దరిదీ ఒకటే తప్పు. ఏ చప్పుడు ఎవరిదో చూడకుండా అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. బాటర్‌సీలో ఫ్రిజ్ చేసిన టిక్కు ఈ రికార్డు సొత్తు. మీ గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్ చేసే జుయ్‌మనే మోత మీ సొత్తు. మొదటిదాన్ని ముట్టుకోకూడదు, రెండోదాన్ని ఉంచకూడదు. ఈ రికార్డు వినడంలో సగం పని ఈ పంపకాలు తేల్చడమే.

పంపకాలు తేలాలంటే ఎనిమిది ట్రాకులంటే ఏమిటో తెలియాలి. ఒకే టేపు మీద పక్కపక్కనే విడివిడిగా రికార్డు చేసుకోగల ఎనిమిది వరసలన్నమాట. ఎలక్ట్రానిక్ వాద్యాల్ని ఒకదానితో ఒకటి కలిపే మిడి పద్ధతి వచ్చింది 1983లో. 1979లో ఇంట్లో రికార్డు చేసుకునేవాళ్ళకి కంప్యూటర్ లేదు, ఒక సింథసైజర్ని ఇంకోదానితో తేలిగ్గా జతకలిపే పద్ధతి లేదు, 808 లయ యంత్రం కూడా ఇంకో ఏడాదికి గాని రాలేదు. చవకలో దొరికే సింథసైజర్లలో ఎక్కువ భాగం ఒకసారికి ఒకే స్వరం పలికేవి. మూడు స్వరాలు కలిపి పలికించాలంటే మూడు సార్లు వాయించాలి, మూడు ట్రాకులు పోతాయి. లయ యంత్రానికొకటి, బేస్‌కొకటి, గొంతుకొకటి పోతే మిగిలేవి రెండే. అప్పుడు మూడు ట్రాకుల్ని కలిపి నాలుగోదానిలోకి దించి ఆ మూడింటినీ చెరిపేస్తారు. దీన్ని బౌన్స్ అంటారు. పక్కపక్క ట్రాకుల మధ్య బౌన్స్ చేస్తే హెడ్ (టేపుని రాసే, చదివే భాగం) లోపలే శబ్దం ఒకదాన్నించి ఒకదానిలోకి కారి కీచుమంటుంది. అందుకని మధ్యలో ఒక ట్రాకు ఖాళీ వదలడం మంచిది. బౌన్స్ అయ్యాక వెనక్కి తిరిగే దారి లేదు. అందులో ఒక స్వరం పెద్దదైపోయిందని తరవాత తోచినా ఇక దాన్ని అనుభవించాల్సిందే.

హోరు లెక్క కూడా ఇక్కడే ఉంది. ప్రతి ట్రాకుకీ తన హోరు ఉంటుంది. సమానమైన రెండు హోరులు కలిస్తే మూడు డెసిబెల్స్ పెరుగుతుంది, నాలుగు కలిస్తే ఆరు, ఎనిమిది కలిస్తే తొమ్మిది. బౌన్స్ చేసిన ప్రతిసారీ టేపు మీద ఇంకో తరం హోరు చేరుతుంది, చివర్లో స్టీరియో టేపులోకి దించేటప్పుడు మళ్ళీ ఒకటి. కాబట్టి ఇలాంటి రికార్డుల్లో హోరు అంతటా ఒకేలా ఉండదు. ఒక ట్రాకు తెరిచినప్పుడు కాస్త పెరుగుతుంది, మూసినప్పుడు తగ్గుతుంది. గొంతు రాబోయే ముందు అర సెకను పాటు గాలి మారినట్టు అనిపిస్తే అది గొంతు ట్రాకు తెరిచిన జాడ. శ్రద్ధగా వినేవాడికి ఇది ఇంటి నక్షాలాంటిది. ఎన్ని పొరలున్నాయో, ఏది ఎప్పుడు వచ్చిందో హోరే చెబుతుంది. అది కడిగేస్తే నక్షా చించేసినట్టే.

ఇంకో సంగతి శ్రుతి. సింథసైజర్లో స్వరం పుట్టించే అప్పటి అనలాగ్ ఆసిలేటర్లు వేడికి జారిపోతాయి. యంత్రం ఆన్ చేసిన అరగంట వరకు నిలకడ ఉండదు, వేసవి మధ్యాహ్నం ఇంకా ఉండదు. మొదటి పొర పొద్దున, రెండో పొర సాయంత్రం వాయిస్తే రెండింటి మధ్య కొద్ది తేడా ఖాయం. 110 హెర్ట్జ్ స్వరం మీద ఐదు సెంట్ల తేడా ఉందనుకోండి, అంటే అర్ధస్వరంలో ఇరవయ్యో వంతు. మూడు సెకన్లకొకసారి ఒక అల లేస్తుంది. రెండు తంబురాలు జోడు కుదరనప్పుడు వినిపించే ఆ ఊగులాటే. ఈ రకం పాత రికార్డుల్లో సింథసైజర్ పొరలు దట్టంగా, బతికున్నట్టు వినిపించడానికి పెద్ద కారణం ఇది. ఈనాటి ప్లగిన్‌లో (కంప్యూటర్లో వాద్యంలా పనిచేసే సాఫ్ట్‌వేర్‌లో) అదే స్వరాన్ని మూడుసార్లు అచ్చుగుద్దినట్టు పేరిస్తే శబ్దం పెద్దదవుతుంది గాని కదలిక రాదు. 'వింటేజ్' అని పేరు పెట్టి హోరునీ చిటపటలనీ పైన చల్లే ప్లగిన్‌లు నాకు బొత్తిగా నచ్చవు. పని చేసినందుకు పట్టే చెమట వేరు, మొహం మీద చల్లుకున్న నీళ్ళు వేరు.

ఇక ఫ్రిజ్. లోపల చల్లదనం తగ్గగానే థర్మోస్టాట్ కంప్రెసర్ మోటారుని ఆన్ చేస్తుంది, చల్లబడ్డాక ఆపుతుంది. మోటారు తీగచుట్ట కాబట్టి కరెంటు తెగేటప్పుడు ఆ కాంటాక్టు దగ్గర చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వ చేసే పోటు ఇంటి వైరింగు వెంట పోతుంది, గాలిలో రేడియో తరంగంలా కూడా పాకుతుంది. సింథసైజర్ నుంచి మిక్సర్‌కి వెళ్ళే మామూలు తీగలు, ముఖ్యంగా పొడుగాటివి, దాన్ని ఏంటెన్నాలా పట్టేస్తాయి. టేపు మీద టిక్‌మని ఒక చుక్క పడుతుంది. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి ఓల్టేజి ఒక్క క్షణం కుంగుతుంది. పవర్ సప్లై అంత గట్టిది కాని సింథసైజర్ అయితే శ్రుతి ఆ క్షణం జారుతుంది కూడా. స్టూడియోలో దీన్ని ఆపడానికి వేరే కరెంటు లైను, బ్యాలెన్స్‌డ్ తీగలు, ఫిల్టర్లు ఉంటాయి. ఇంట్లో చెయ్యగలిగింది ఒకటే, రికార్డింగ్ సాగినంతసేపూ ఫ్రిజ్ ప్లగ్గు పీకేయడం. జూన్‌లో రెండు వారాలు ఆ పని చేస్తే పాలు విరిగిపోతాయి.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. బ్రిటన్ కరెంటూ మన కరెంటూ రెండూ 50 హెర్ట్జ్. విజయవాడలోనో వరంగల్‌లోనో ఎల్పీ వింటున్నప్పుడు అడుగున గుమ్‌మనే మోత వస్తే అది 1979 నాటి లండన్ కరెంటా, ఈ పూట మీ ఇంటి కరెంటా అన్నది చెవికి తెలియదు, స్వరం ఒకటే. పైగా ఎల్పీ కోసం వాడే ఫోనో ఆంప్లిఫయర్ 50 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే దాదాపు 17 డెసిబెల్స్ పెంచుతుంది, అంటే ఏడు రెట్ల ఓల్టేజి. ఎర్త్ సరిగ్గా లేకపోతే మోత మామూలుగా ఉండదు. తేల్చుకోవడం తేలిక. సూదిని రికార్డు మీంచి ఎత్తండి, వాల్యూమ్ అలాగే ఉంచండి. మోత ఇంకా ఉంటే అది మీదే. టర్న్‌టేబుల్ వెనక సన్నటి ఎర్త్ తీగ ఆంప్లిఫయర్ మీది స్క్రూకి బిగించి ఉందో లేదో ముందు చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తరవాత టర్న్‌టేబుల్‌నీ ఆంప్లిఫయర్‌నీ ఒకే మూడు పిన్నుల బోర్డు మీదికి తీసుకురండి. అప్పటికీ పోకపోతే సిగ్నల్ తీగల్ని పవర్ తీగలకి దూరంగా జరపండి.

గుమ్ కాకుండా జుయ్‌మని గరగరలాడే మోత వస్తే మొదట అనుమానించాల్సింది ఫ్యాన్ రెగ్యులేటర్ని. నునుపుగా తిరిగే డయల్ ఉన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు తరంగాన్ని సగంలో కోసి పంపుతుంది. ఆ కోత సెకనుకి వంద సార్లు. అందుకే ఆ గరగర. ఫుల్ స్పీడులో పెడితే మోత తగ్గిపోతే దొంగ దొరికినట్టే. మెట్లు మెట్లుగా ఆగే కెపాసిటర్ రెగ్యులేటర్‌తో ఈ గొడవ తక్కువ. ఎలాగూ ఈ రికార్డుకి ఫ్యాన్ కట్టేయాలి, దాని గాలి చప్పుడు టేపు హోరుని సాంతం మింగేస్తుంది. కరెంటు పోయినప్పుడు చవక ఇన్వర్టర్ మీద వినకండి. అది ఇచ్చే చదరపు తరంగం ట్రాన్స్‌ఫార్మర్లని గుర్రుమనిపిస్తుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఫర్వాలేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ పరిస్థితి ఈ విషయంలో మెరుగు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. లండన్ మోతకీ న్యూజెర్సీ మోతకీ నిష్పత్తి ఐదుకి ఆరు, అంటే షడ్జమానికి సాధారణ గాంధారం ఎంతో అంత. సంగీతం వచ్చినవాళ్ళకి ఏది రికార్డుదో ఏది ఇంటిదో వెంటనే తెలిసిపోతుంది. కాని అక్కడ కొన్న టర్న్‌టేబుల్ని ఇక్కడికి తెచ్చుకుంటే అదే నిష్పత్తి వచ్చి మెడకి చుట్టుకుంటుంది. మోటారు ఏసీ సింక్రొనస్ రకమైతే దాని వేగాన్ని నిర్ణయించేది కరెంటు ఫ్రీక్వెన్సీ. 33⅓ తిరగాల్సింది 27.8 తిరుగుతుంది. 110 ఓల్ట్ల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా లాభం లేదు, అది ఓల్టేజిని మార్చగలదు గాని ఫ్రీక్వెన్సీని కాదు. మోటారు మీద బెల్టు తిరిగే పుల్లీని 50 హెర్ట్జ్‌కి తగినదానితో మార్చుకోవాలి. డీసీ మోటారు వాటికి ఈ బాధ లేదు. వేగం చూసుకోవడానికి స్ట్రోబ్ చక్రం (వేగం సరిగ్గా ఉంటే గీతలు ఆగినట్టు కనబడే కాగితం చక్రం) అచ్చేసుకుంటే మన కరెంటుకి 180 గీతలున్నది కావాలి, 216 గీతలది అమెరికాది. దాని మీద వెలుగు కూడా మిణుకుమనే రకం దీపానిదై ఉండాలి, మంచి ఎల్ఈడీ బల్బు కింద గీతలు ఆగినట్టు కనబడవు.

వేగం ఎందుకింత ముఖ్యమంటే ఈ రికార్డు రెండో వైపు ఉంది కాబట్టి. మొదటి వైపు ఐదూ పాటలు, వాటికి లయ యంత్రమూ గొంతూ ఉన్నాయి. మొదటి పాట పేరు 'అటాక్ డికే'. సింథసైజర్లో స్వరం ఎంత వేగంగా లేస్తుంది, ఎంత వేగంగా పడిపోతుంది అని అమర్చే రెండు గుబ్బల పేర్లవి. రెండో వైపు నాలుగు ముక్కలు. 'ఇంటర్‌ఫెరాన్', 'సిక్స్ ఏఎం', 'ది హార్డ్ వే ఇన్ అండ్ ది ఈజీ వే అవుట్', 'పర్పెచువల్'. అక్కడ పాట పక్కకి తప్పుకుంటుంది. నిదానంగా సాగే స్వరాలు, వాటి కింద గది. కాలానికి నిలిచింది ఈ వైపేనని నా అభిప్రాయం. మొదటి వైపు బాగుంటుంది గాని అలాంటి పాటలు ఆ రెండేళ్ళలో బ్రిటన్‌లో ఇంకొందరు కూడా చేశారు. రెండో వైపులో ఫ్రిజ్‌కీ వాద్యానికీ మధ్య గోడ నిజంగానే పడిపోతుంది. కచేరీలో శ్రుతిపెట్టె మోగుతూ ఉంటుంది, దాన్ని ఎవరూ 'పాట' అనరు, కాని అది ఆగిపోతే హాలంతా తలెత్తి చూస్తుంది. ఆ చెవితో వింటే ఈ వైపు మనకి కొత్తగా అనిపించదు.

నిలిచి ఉండే స్వరం టర్న్‌టేబుల్ లోపాలన్నిటినీ బయటపెట్టేస్తుంది. రికార్డు మధ్య రంధ్రం అర మిల్లీమీటరు పక్కకి ఉన్నా, లోపలి గాడి దగ్గర శ్రుతి ప్రతి 1.8 సెకన్లకొకసారి, అంటే రికార్డు ఒక చుట్టు తిరిగేటప్పటికి, అటూ ఇటూ పద్నాలుగు సెంట్ల దాకా ఊగుతుంది. డప్పులున్న పాటలో అది ఎవరికీ పట్టదు, 'పర్పెచువల్'లో ఓడ ఎక్కినట్టుంటుంది. అది అనలాగ్ ఆసిలేటర్ వయ్యారం అనుకుని మురిసిపోయేవాళ్ళుంటారు. గడియారం పెట్టి చూడండి. ఊపు సరిగ్గా 1.8 సెకన్లకైతే అది రంధ్రం తప్పు. పైగా 'పర్పెచువల్' ఆ వైపు ఆఖరుది. ఎల్పీ అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు నడుస్తుంది, చివర్లో 21 మాత్రమే. అంత ఇరుకులో పైస్థాయి శబ్దాన్ని శంకువు ఆకారం సూది సరిగ్గా చదవలేదు, బరబరమంటుంది. ఎలిప్టికల్ సూది, తయారీదారు చెప్పిన బరువు కావాలి. సూదిని పట్టుకునే మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్‌రిడ్జ్‌లకి ఆ బరువు తరచుగా రెండు గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. రికార్డు అరిగిపోతుందన్న భయంతో బరువు తగ్గిస్తే సూది గాడిలో ఎగిరెగిరి పడి ఇంకా ఎక్కువ అరగదీస్తుంది.

ఇన్ని తంటాలెందుకంటారా, తేలిక దారి కూడా ఉంది. మొదటిసారి వినేవాళ్ళు సీడీ గాని లాస్‌లెస్ (శబ్దంలో ఏదీ పోకుండా దాచిన) ఫైలు గాని వినండి. పాత ఎల్పీ భక్తులకి కోపం రావచ్చు, కాని ఈ రికార్డు విషయంలో డిజిటల్‌కి ఒక నిజమైన మేలుంది. అందులో వినబడే ప్రతి టిక్కూ టేపుదేనని దాదాపు నమ్మొచ్చు. ఎంపీ3 అయితే 256 కిలోబిట్లకి తగ్గకండి. హోరులో పునరుక్తి ఉండదు కాబట్టి కుదించడానికి దానికన్నా కష్టమైనది లేదు. 128 దగ్గర హోరు నీళ్ళలో బుడగల్లా సుళ్ళు తిరుగుతుంది. ఫోన్‌లో బేస్ బూస్ట్, సరౌండ్ లాంటివి అన్నీ ఆపేయండి. వాల్యూమ్ గొంతు మామూలు మాటంత ఉండేలా పెట్టుకుని రెండో వైపుకి కూడా అక్కడే ఉంచండి. చిన్నగా ఉందని పెంచబుద్ధవుతుంది, పెంచకండి.

ఎల్పీని సొంతంగా డిజిటల్‌లోకి ఎక్కించుకునేవాళ్ళకి ఒక మాట. శబ్దాన్ని సరిదిద్దే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో ఉన్న నాయిస్ రిడక్షన్ ముందు నిశ్శబ్దంగా ఉన్న ఒక ముక్కని నమూనాగా తీసుకుని, దాన్ని పోలినదాన్ని మొత్తం ఫైలులో అణిచేస్తుంది. ఇక్కడ చిక్కేమిటంటే సింథసైజర్లో గాలిలాంటి శబ్దాలు పుట్టించేది కూడా హోరే. సాఫ్ట్‌వేర్‌కి ఆ హోరూ టేపు హోరూ ఒకటే. స్వరం ఆరిపోయే తోకలు తెగిపోతాయి, మధ్యలో గాజుముక్కలు కొట్టుకున్నట్టు కొత్త చప్పుళ్ళు పుడతాయి. క్లిక్ రిమూవల్ ఇంకా ప్రమాదం. అప్పటి లయ యంత్రాల స్నేర్ (డప్పు చప్పుడు), హైహ్యాట్ (తాళం చప్పుడు) అంటే ఠక్కున మొదలై ఠక్కున పోయే హోరు ముక్కలే. అదే కదా క్లిక్ అంటే! మీట కాస్త గట్టిగా పెడితే లయ యంత్రం పళ్ళూడిపోతాయి.

కాబట్టి చేత్తో చెయ్యాలి. అనుమానమొచ్చిన ప్రతి టిక్కుకీ మూడు ప్రశ్నలు. 1.8 సెకన్ల దూరంలో వరసగా మళ్ళీ మళ్ళీ వస్తోందా? అయితే అది గీత, మీ కాపీది. కుడి ఛానెల్‌ని తలకిందులు చేసి ఎడమదానితో కలిపితే మిగులుతోందా? దుమ్ము, గీతలు రెండు ఛానెళ్ళలో తేడాగా పడతాయి కాబట్టి మిగులుతాయి, మధ్యలో కూర్చోబెట్టిన టేపు టిక్కు మాయమవుతుంది. ఒక పక్కకి తోసిన ట్రాకులోదైతే మాత్రం ఈ పరీక్ష చెల్లదు, అప్పుడు మూడో ప్రశ్నే గతి. సీడీలో అదే చోట ఉందా? ఉంటే చెయ్యి తీసేయండి, అది బాటర్‌సీ ఫ్రిజ్‌ది. లేకపోతే దగ్గరికి జూమ్ చేసి ఆ ఒక్క ముక్కకే ఆడాసిటీలోని రిపేర్ వాడండి. అది ఒకసారికి 128 శాంపిళ్ళకి (డిజిటల్ శబ్దంలో అతి చిన్న ముక్కలకి) మించి పట్టదు, అంటే మూడు మిల్లీసెకన్ల లోపు. ఆ పరిమితి మంచిదే, చెయ్యి జారినా పోయేది తక్కువ. ఒక వైపు పూర్తవడానికి ఒక సాయంత్రం పడుతుంది.

ఈ జంట మళ్ళీ ఇంకో ఆల్బమ్ చెయ్యలేదు. రెంటల్ 1980లో మ్యూట్ రికార్డ్స్‌కి 'డబుల్ హార్ట్' అనే సింగిల్ ఇచ్చాడు, 2000లో చనిపోయాడు. లీర్ చెర్రీ రెడ్ రికార్డు సంస్థకి వెళ్ళి నునుపైన దారి పట్టాడు. 'ది బ్రిడ్జ్' ని తరవాత మ్యూట్ సంస్థే మళ్ళీ విడుదల చేసింది కాబట్టి వెతికితే దొరుకుతుంది. ఇది చెవికి అలవాటయ్యాక రెంటల్, మ్యూట్ స్థాపించిన డేనియల్ మిల్లర్ కలిసి 1979 మార్చి 6న వెస్ట్ రంటన్ పెవిలియన్‌లో ఇచ్చిన కచేరీ రికార్డు వినండి. మిల్లర్ అందులో 'ది నార్మల్' పేరుతో ఉంటాడు. అక్కడ ఫ్రిజ్ లేదు, దాని బదులు పంక్ వినడానికొచ్చిన జనం ఉన్నారు. రఫ్ ట్రేడ్ సంస్థ దాన్ని ఎల్పీగా వేసింది గాని సంగీతం ఒక వైపే ఉంది. రెండో వైపు ఖాళీ, అక్కడ సూది పెట్టకండి.